23 పేర్లు, 12 రోజులు: విదేశాల్లో కానుకలు ఎక్కడ కొనాలి?

పేరు వెయ్యొద్దని కోరిన ఒక పాఠకురాలు చాలా వివరంగా రాసిన ఉత్తరం ఇది. కొంత కుదించాను, మాటలు మాత్రం దాదాపు ఆవిడవే.

"పెళ్లయిన పదిహేనేళ్లకు పోయిన ఏడాది నేనూ మా ఆయనా మొదటిసారి విదేశీ యాత్రకు వెళ్లాం. ఇస్తాంబుల్, వెనిస్ కలిపి తొమ్మిది రోజుల టూర్. గైడ్ మూడు చోట్ల బస్సు ఆపించి 'ఇక్కడైతే ఫ్యాక్టరీ రేటు' అన్నాడు. ఒక తివాచీల దుకాణంలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, గంటన్నరసేపు ఒక్కొక్కటీ పరిచి చూపించారు. వాళ్లను అంత కష్టపెట్టి ఊరికే లేచి రావడానికి మొహమాటం వేసింది. అనుకున్నదానికి మూడింతలు పెట్టి చిన్న తివాచీ ఒకటి కొన్నాం. రెండు రోజుల తర్వాత అలాంటిదే బజార్లో సగం ధరకు కనిపించింది. మా ఆయన ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

వెనిస్‌లో చివరి సాయంత్రం హడావుడిగా అందరికీ గాజు గొలుసులు కొన్నాను, మురానో గాజు అంటే నమ్మి. ఇంటికొచ్చి పంచాక మా తోడికోడలు పెట్టె అడుగునున్న స్టిక్కర్ చదివి, 'ఇది ఇటలీది కాదుగా' అని అందరి ముందూ అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తివాచీని కూడా చుట్టి మంచం కింద పెట్టేశాను, చూస్తే బాధగా ఉంటోంది.

వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం. ఈసారి టూర్ కంపెనీ లేదు, మేమిద్దరమే. థాయిలాండ్ ఐదు రోజులు, జపాన్ ఏడు రోజులు. ఎవరెవరికి తేవాలో రాస్తే 23 పేర్లు తేలాయి. మా ఆయనేమో 'ఏమీ కొనొద్దు, తప్పదంటే చివర్లో ఎయిర్‌పోర్టులో చాక్లెట్లు కొందాం' అంటున్నారు. వట్టి చేతులతో రావడం నా వల్ల కాదు. మళ్లీ మోసపోవడం కూడా నా వల్ల కాదు. అసలు ఎక్కడ కొనాలి? మా ఆయన చెప్పిందే సరైనదా?"

అమ్మా, మీ ఉత్తరంలో 'ఎక్కడ కొనాలి' అన్న ప్రశ్న ఒక్కటే ఉన్నట్టు పైకి కనిపిస్తోంది. దాని కింద ఇంకో రెండున్నాయి. నలుగురిలో మీకు జరిగిన చిన్నతనం ఒకటి, ఆ 23 పేర్ల బరువు ఇంకొకటి. అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు రాసి ఊరుకుంటే, మంచి దుకాణాల పేర్లు చేతిలో పెట్టుకుని కూడా మీరు ఇదే టెన్షన్‌తో విమానం ఎక్కుతారు. అందుకని ముందు ఆ తివాచీ దుకాణం దగ్గరికే వెళ్దాం.

అక్కడ మీరు తెలివితక్కువ పని చేశారని నేను అనుకోవడం లేదు. గైడ్ బస్సు ఆపించే దుకాణాలు చాలా దేశాల్లో కమీషన్ మీద నడుస్తాయి. తీసుకొచ్చినవాళ్లకు ఇచ్చే వాటా మీరు కట్టే ధరలోనే కలిసి ఉంటుంది. టీ ఇవ్వడం, పది తివాచీలు పరచడం, 'మీకు కాబట్టి ఈ రేటు' అనడం, ఇవన్నీ ఏళ్ల తరబడి సాన పట్టిన పద్ధతులు. మొహమాటం ఉన్న మనిషి ఎవరైనా అక్కడ మెత్తబడతారు. ఇస్తాంబుల్‌లో టీ ఇవ్వడం మామూలు మర్యాద, తాగినంత మాత్రాన కొనాలని లేదు. 'చాలా బాగున్నాయి, ఇవాళ కొనడం లేదు, థాంక్స్' అని లేచి వచ్చేస్తే వాళ్లేమీ అనుకోరు. వాళ్లకు రోజూ అలవాటైన మాటే అది. ఆ ఊళ్లోని గ్రాండ్ బజార్ 1455 ప్రాంతంలో మొదలైంది, ఇప్పుడక్కడ నాలుగు వేల దాకా దుకాణాలున్నాయి. అన్ని దుకాణాలున్న ఊళ్లో మీకు ఒక్క దుకాణమే చూపించి, బయట బస్సు కాచుకుని ఉండగా నిర్ణయం తీసుకోమన్నారు. సరుకు ఎలాంటిదన్నది పక్కన పెట్టండి. పోల్చి చూసుకునే అవకాశం లేకుండా చేశారు చూడండి, మీకు నష్టం జరిగింది అక్కడ.

వెనిస్ సంగతి కాస్త వేరు. 1291లో వెనిస్ పాలకులు గాజు కొలుములను ఊరికి దూరంగా మురానో దీవికి తరలించారు. అప్పటి నుంచి ఆ దీవి పేరే గాజుకు గుర్తింపయింది. పేరుకు విలువ రాగానే, బయట తయారైన గాజు కూడా అదే పేరుతో వెనిస్ వీధుల్లోకి వచ్చింది. ఈ బెడద ఎంత పెరిగిందంటే, 1994లో, వెనిస్ ఉన్న వెనెటో ప్రాంతపు ప్రభుత్వం చట్టం చేసి 'వెత్రో ఆర్తిస్తికో మురానో' అన్న గుర్తును పెట్టింది. దీవిలో తయారైన గాజుకే ఆ గుర్తు వాడాలి. గుర్తు లేని ప్రతిదీ నకిలీ అని అర్థం కాదు, అందరు తయారీదారులూ అందులో చేరలేదు. కానీ చివరి సాయంత్రం, ఒకే రకం గొలుసులు గుత్తులుగా వేలాడే చోట, గుర్తు లేకుండా, తక్కువ ధరకు దొరికితే అనుమానించాల్సిందే. ఇది మీకు ముందే తెలిసి ఉండాలని లేదు. ఇప్పుడు తెలిసింది కదా.

ఇక అసలు విషయం. కొత్త ఊళ్లో ఏ దుకాణం ముందు నిలబడినా నేను చూసేది ఒక్కటే: లోపల ఎవరు కొంటున్నారు? ఆ ఊరివాళ్లు తమ ఇంటికి కొనుక్కుంటున్నారా, లేక నాలాగా మెడలో కెమెరా వేసుకున్నవాళ్లే ఉన్నారా? ఊరివాళ్లు కొనే చోట ధర అదుపులో ఉంటుంది, సరుకు నాసిగా ఉంటే రెండోసారి ఎవరూ రారు. పర్యాటకులకు మాత్రమే అమ్మే చోట ఆ భయం లేదు, ఎందుకంటే మీరెలాగూ మళ్లీ రారు. ఇంకో గుర్తు కూడా ఉంది. ఒకే బొమ్మ, అదే రంగుల్లో వరసగా పది కొట్లలో కనిపిస్తే అది చాలావరకు ఆ ఊళ్లో తయారైంది కాదు. ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో చేసి, ఊరి పేరు మాత్రం మార్చి ముద్రించి పంపే సరుకది. పేరున్న కట్టడం గేటు బయట మీకు కనిపించేది ఎక్కువగా ఇదే. గుర్తుగా ఒకటి కొనుక్కుంటే తప్పేం లేదు, చేనేత అనో చేతిపని అనో ధర పెట్టి మాత్రం కొనకండి.

ఇప్పుడు మీ 23 పేర్లు ముందు పెట్టుకోండి. ఆ జాబితాలో అందరూ ఒకలాంటివాళ్లు కారని మీకూ తెలుసు. 'వెళ్లొచ్చారట, ఏమీ తేలేదా' అనకుండా ఉంటే చాలనుకునే పేర్లు పద్ధెనిమిదో పందొమ్మిదో ఉంటాయి. నిజంగా ఆ మనిషిని తలుచుకుని, చేత్తో ఎంచి తెచ్చిపెట్టాలనిపించేవాళ్లు నలుగురైదుగురే ఉంటారు. ఈ రెండు రకాలకూ ఒకే దుకాణంలో వెతకడం వల్లే పోయినసారి అందరికీ గాజు గొలుసులయ్యాయి.

మొదటి రకానికి నా జవాబు సూపర్ మార్కెట్. విదేశాల్లో కానుకల షాపింగ్‌కు అంతకన్నా నిజాయితీగల చోటు నాకింతవరకు కనిపించలేదు. ధర రాసి ఉంటుంది, బేరం ఉండదు, ఎక్కడ తయారైందో వెనక ముద్రించి ఉంటుంది, ఊరివాళ్లు మీ పక్కనే బుట్ట పట్టుకుని నిలబడి ఉంటారు. స్విట్జర్లాండ్‌లో చాక్లెట్ అయినా, శ్రీలంకలో టీ అయినా అక్కడే కొనాలి. శ్రీలంక టీ పొట్లం మీద కత్తి పట్టిన సింహం గుర్తు ఉంటే, అది పూర్తిగా ఆ దేశపు టీనే అనీ, అక్కడే ప్యాక్ చేశారనీ అర్థం. థాయిలాండ్‌లో సూపర్ మార్కెట్‌కి వెళ్తే ఎండబెట్టిన మామిడి, కూరల్లో వాడే మసాలా ముద్దల ప్యాకెట్లు, సబ్బులు, చిన్న చిన్న తైలం సీసాలు దొరుకుతాయి. ఒక గంటలో పది పేర్లు కొట్టేయొచ్చు.

జపాన్‌లో మీకు ఇంకా సులువు. మీ 23 పేర్ల బాధ ఆ దేశంలో అందరికీ ఉంది! ఊరెళ్లి వచ్చినవాళ్లు ఆఫీసులో అందరికీ, బంధువులకూ ఆ ఊరి తీపి ఏదో ఒకటి తెచ్చి పెట్టడం అక్కడ దాదాపు విధి. దాన్ని 'ఒమియాగె' అంటారు. అందుకే పెద్ద రైల్వే స్టేషన్లలో ఒక్కో ఊరికి ప్రత్యేకమైన మిఠాయిల పెట్టెలు వరసగా పేర్చి ఉంటాయి. పెట్టె లోపల ఒక్కో ముక్కనూ విడిగా పొట్లం కట్టి ఉంచుతారు, పెట్టె విప్పి మనిషికొకటి పంచుకోవచ్చు. ఎన్ని ముక్కలున్నాయో పైనే రాసి ఉంటుంది. కొనేముందు రెండు చూసుకోండి. గడువు తేదీ ఏడాది, నెల, రోజు వరుసలో ఉంటుంది. మెత్తటి మిఠాయిలు కొన్ని నాలుగైదు రోజులకు మించి ఉండవు, బిస్కెట్ రకాలు నెల దాటి నిలుస్తాయి. మీ ఇంట్లో శాకాహారులుంటే ఫోన్ కెమెరాతో వెనకనున్న పదార్థాల పట్టీని అనువాదం చేసి చూడండి, జెలటిన్, మద్యం లాంటివి కలిసినవి ఉంటాయి. డిపార్ట్‌మెంట్ స్టోర్లలో నేల కింది అంతస్తు మొత్తం తినుబండారాలే ఉంటాయి, కాస్త ఖరీదైన పెట్టెలు కావాలంటే అక్కడికి వెళ్లండి.

ఇక ఆ నలుగురైదుగురి సంగతి. ఇక్కడే కాస్త సమయం పెట్టమంటాను.

చాలా ఏళ్ల కిందట నేను ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో ఒక బాతిక్ గుడ్డ కొన్నాను. రోడ్డు పక్కన, మంచి రంగులు, అతను 'చేత్తో వేసింది' అన్నాడు. మర్నాడు ఒక చిన్న కార్ఖానాలో పని చూడ్డానికి వెళ్లాను. ఒకావిడ చిన్న పీట మీద కూర్చుని, ఒడిలో తెల్ల గుడ్డ పరుచుకుని, చిన్న రాగి గిన్నెకు ముక్కులా గొట్టం ఉన్న పనిముట్టుతో కరిగిన మైనం పోస్తూ గీతలు గీస్తోంది. దాన్ని చాంటింగ్ అంటారు. గీత గీసే ముందు ప్రతిసారీ ఆ ముక్కు దగ్గర మెల్లగా ఊదుతోంది, మైనం గడ్డకట్టి దారి మూసుకోకుండా. అరచెయ్యంత మేర గీతలు పూర్తయ్యేసరికి నా కాఫీ చల్లారిపోయింది. అప్పుడు నా సంచిలో గుడ్డ తీసి చూపించాను. ఆవిడ ఏమీ అనలేదు, గుడ్డను తిరగేసింది. వెనక వైపు రంగు వెలవెలబోతూ ఉంది. తన ఒడిలో ఉన్నదాన్ని తిరగేసి చూపించింది, రెండు వైపులా గీత ఒకేలా దిగి ఉంది. నాది మిషన్ మీద ముద్రించిన గుడ్డ. చేత్తో గీసినదాన్ని 'తులిస్' అంటారనీ, రాగి అచ్చుతో మైనం అద్దినదాన్ని 'చాప్' అంటారనీ, రెండింటి ధరలకూ ఎంతో తేడా ఉంటుందనీ ఆ రోజే తెలుసుకున్నాను. ఆ మొదటి గుడ్డ ఇప్పటికీ నా దగ్గరుంది, వాడుతూనే ఉన్నాను.

ఇదంతా ఎందుకు రాశానంటే, ఖరీదైనది కొనేముందు దాన్ని తయారుచేసేవాళ్లను ఒక్కసారి చూడండి అని చెప్పడానికే. పది నిమిషాలు చాలు. ఆ తర్వాత దుకాణంలో మీ చెయ్యి తనంతట తానే వస్తువును తిరగేస్తుంది.

థాయిలాండ్‌లో అలా చూడాలంటే చియాంగ్ మాయ్ నగరాన్ని దారిలో పెట్టుకోండి. ఊరికి దగ్గర్లో బో సాంగ్ అనే గ్రామం ఉంది. మల్బరీ జాతి చెట్టు బెరడుతో కాగితం చేసి, వెదురు పుల్లలకు అంటించి గొడుగులు చేస్తారు, మీ కళ్ల ముందే పూలు వేస్తారు. మీ హ్యాండ్‌బ్యాగ్ మీదో ఫోన్ కవర్ మీదో పువ్వు వేయించుకోవచ్చు కూడా. ఊళ్లో వరోరోత్ మార్కెట్ స్థానికులు రోజూ సరుకులు కొనుక్కునే చోటు. ఆదివారం సాయంత్రం థా ఫే గేటు నుంచి మొదలయ్యే నడక వీధిలో చేతిపనివాళ్లు స్వయంగా కూర్చుని అమ్ముతారు. బ్యాంకాక్‌లోనే ఉండిపోతే శని, ఆదివారాల్లో చాతుచాక్ సంత ఉంటుంది. అది మామూలు సంత కాదు, 27 విభాగాలు. నచ్చింది కనిపిస్తే ఆ విభాగం నంబరు, సందు నంబరు ఫోటో తీసుకోండి, 'తర్వాత వద్దాం' అనుకుంటే మళ్లీ దొరకదు.

ఆ దేశంలో మీకు పనికొచ్చే గుర్తులు రెండు. 'ఓటాప్' అన్నది 2001లో అక్కడి ప్రభుత్వం మొదలుపెట్టిన 'ఒక్కో తంబోన్‌కు ఒక్కో ఉత్పత్తి' పథకం పేరు. తంబోన్ అంటే కొన్ని ఊళ్ల సముదాయం అనుకోండి. జపాన్‌లోని ఓయితా ప్రాంతంలో 1979లో మొదలైన ఇలాంటి ప్రయత్నమే దానికి మూలం. సరుకుకు ఒకటి నుంచి ఐదు నక్షత్రాల దాకా ఇస్తారు. రెండోది పట్టు మీద నెమలి గుర్తు. బంగారు రంగు నెమలి ఉంటే సంప్రదాయ దారం, సంప్రదాయ నేత. వెండి, నీలం తర్వాతి మెట్లు. ఆకుపచ్చ నెమలి ఉంటే పట్టుతో పాటు వేరే దారం కూడా కలిసిందని. మీ అత్తయ్యకు పట్టు శాలువా కొనేటప్పుడు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే, స్టిక్కర్ చదివి ఎవరేమన్నా మీకు జవాబుంటుంది.

జపాన్‌లో సంప్రదాయ చేతిపనులకు 1974లో చట్టం వచ్చింది. కనీసం వందేళ్లుగా సాగుతున్న పద్ధతిలో, ముఖ్యమైన భాగం చేత్తో చేసిన, రోజూ వాడుకునే వస్తువులకే ఆ గుర్తింపు. ఇప్పుడు 240కి పైగా రకాలున్నాయి. టోక్యోలోని అవోయామా స్క్వేర్ అనే దుకాణంలో వాటిని ఒకేచోట పెట్టి అమ్ముతారు. ముందు అక్కడ చూసి ధరల అంచనా తెచ్చుకుంటే బయట కొనడం సులువవుతుంది. అదే ఊళ్లో గింజా చుట్టుపక్కల ఒక్కో రాష్ట్రం వాళ్లు తమ సరుకు అమ్ముకోవడానికి నడిపే దుకాణాలున్నాయి. మీరు వెళ్లలేని ఊళ్ల వస్తువులు కూడా అక్కడ దొరుకుతాయి. మీ ఆయనకు షాపింగ్ అంటే విసుగులా ఉంది కదా, ఆయన్ను టోక్యోలోనే అసాకుసా పక్కనున్న కప్పాబాషి వీధికి తీసుకెళ్లండి. హోటళ్లవాళ్లు కత్తులు, గిన్నెలు, పింగాణీ కొనుక్కునే వీధి అది. దుకాణాల్లో పెట్టే ప్లాస్టిక్ తినుబండారాల నమూనాలు కూడా అక్కడివే, పిల్లలకు కీచెయిన్లు తీసుకోవచ్చు. చాలామంది మగవాళ్లు ఆ వీధిలో గంటలు మర్చిపోవడం చూశాను.

క్యోటోలో మీ తేదీలు కలిస్తే 21న తోజీ ఆలయం దగ్గర, 25న కితానో తెన్‌మాంగూ దగ్గర జరిగే నెలసంత వదులుకోకండి. పాత కిమోనోలు, ఇళ్లల్లో వాడిన టీ గిన్నెలు ఉంటాయి. నగదు దగ్గర ఉంచుకోండి. బరువు వద్దనుకుంటే 'తెనుగుయి' అనే పొడవాటి నూలు తువ్వాలు మంచి కానుక. ఒక పుస్తకంలో పెట్టేంత పల్చగా మడత పడుతుంది. చేత్తో అద్దకం వేసినవైతే రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. అంచులు కుట్టకుండా వదిలేస్తారు, అది లోపం కాదు. ఇచ్చేటప్పుడు ఆ మాట చెప్పి ఇవ్వండి.

బేరం గురించి నాలుగు మాటలు. థాయిలాండ్ సంతల్లో ఆడొచ్చు, నవ్వుతూ, మెల్లగా. ముందు రెండు మూడు చోట్ల ధర వినండి. 'మూడు తీసుకుంటే ఎంత' అని అడగడం అన్నిటికన్నా మర్యాదైన బేరం. మీరు చెప్పిన ధరకు అతను సరేనన్నాక వెనక్కి తగ్గకండి. జపాన్ దుకాణాల్లో బేరం మాట ఎత్తొద్దు. బ్యాంకాక్‌లో ప్యాలెస్ దగ్గర ఎవరైనా 'ఇవాళ గుడి మూసేశారు, మంచి రత్నాల కొట్టు చూపిస్తా' అంటే ఆ ఆటో ఎక్కకండి. చాలా పాత మోసం అది, ఇప్పటికీ నడుస్తోంది. మొరాకో లాంటి చోట్ల ప్రభుత్వమే నడిపే చేతివృత్తుల కేంద్రాల్లో ధరలు రాసి పెడతారు. బేరం రానివాళ్లు ముందు అక్కడ ధర చూసుకుని సంతకు వెళ్తారు. ఎప్పుడైనా ఆ వైపు వెళ్తే గుర్తుంచుకోండి.

కొనకూడనివి కొన్నున్నాయి. థాయిలాండ్ నుంచి బుద్ధ విగ్రహాలు బయటికి తేవాలంటే అక్కడి లలితకళల శాఖ అనుమతి కావాలి. దుకాణంవాడు 'ఏం పర్వాలేదు' అంటాడు, ఎయిర్‌పోర్టులో నిలబడేది మీరు. ఏనుగు దంతం, తాబేటి చిప్ప, కొన్ని రకాల పగడం, కొన్ని జంతువుల తోలు 1975 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ ఒప్పందం కిందికి వస్తాయి. దుకాణంలో బహిరంగంగా అమ్మినా సరిహద్దు దాటించడం నేరం కావచ్చు. ఇటలీలోని సార్డీనియాలోనైతే బీచ్‌లో ఇసుక సీసాలో నింపుకున్నందుకు 500 నుంచి 3,000 యూరోల దాకా జరిమానా వేస్తారు. తినేవాటి విషయంలో మీరు తిరిగి దిగే చోటి కస్టమ్స్ నిబంధనలు బయల్దేరేముందే చదువుకోండి. కత్తులు, తైలాలు, క్రీములు చెక్-ఇన్ లగేజీలో వెయ్యండి.

డబ్బు కట్టేటప్పుడు కార్డు మిషన్ 'మీ కరెన్సీలో కడతారా, ఈ దేశపు కరెన్సీలోనా' అని అడుగుతుంది. ఆ దేశపు కరెన్సీయే నొక్కండి, రెండోది నొక్కితే మారకం రేటులో కొంత పోతుంది. పన్ను వాపసు కూడా ఉంది. థాయిలాండ్‌లో ఒకే దుకాణంలో ఒకే రోజు కనీసం 2,000 బాత్‌ల సరుకు కొంటే ఫారం అడగండి, కొన్నవాటి విలువ బాగా ఎక్కువైతే చెక్-ఇన్‌కు ముందు కస్టమ్స్‌వాళ్లకు సరుకు చూపించాల్సి రావచ్చు. జపాన్‌లో కనీసం 5,000 యెన్ల కొనుగోలు మీద పన్ను మినహాయింపు ఉంది. 2026 నవంబర్ 1 నుంచి ముందు పన్ను కట్టి ఎయిర్‌పోర్టులో వెనక్కి తీసుకునే పద్ధతి వస్తోంది. ఈ వాపసు కోసమని అక్కర్లేనిది మాత్రం కొనకండి.

ఇప్పుడు మీ ఆయన మాట. ఎయిర్‌పోర్టులో కొనడం మరీ అంత తీసిపారేసే ఆలోచన కాదు. పన్నెండు రోజులూ చేతులు ఖాళీగా తిరగొచ్చు, మిఠాయిలు తాజాగా ఉంటాయి. జపాన్ ఎయిర్‌పోర్టుల్లో ఒమియాగె పెట్టెలు బాగానే దొరుకుతాయి. కానీ అన్నీ అక్కడికే వదిలేస్తే మీరు వెనిస్ చివరి సాయంత్రాన్నే మళ్లీ తెచ్చుకున్నట్టు. విమానం టైమవుతూ ఉంటుంది, ఎంచుకునే ఓపిక ఉండదు. పైగా మీ మనసుకు దగ్గరైన నలుగురికీ కావలసినది అక్కడ దొరకదు.

పూర్తిగా మీ పద్ధతిలో, 23 మందికీ ఊరూరా వెతికి తేవడం కూడా చెయ్యొచ్చు. దానికి నా లెక్కలో కనీసం మూడు రోజులు పోతాయి. అందులో ఒక రోజైనా మీ ఇద్దరికీ మాట పట్టింపు వస్తుంది, పోయినసారి వచ్చినట్టే. ఆ మూడు రోజులూ మీ ఇద్దరివి. ఎవరి కోసం ఇస్తున్నారో ఆలోచించుకుని ఇవ్వండి.

జాబితానే చించెయ్యడం ఇంకో దారి. బయల్దేరేముందే 'ఈసారి ఎవరికీ ఏమీ తేవడం లేదు, అందరికీ కలిపి ఒక మిఠాయి పెట్టె తెస్తాం' అని చెప్పెయ్యడం. ఒకరిద్దరు మొహం ముడుచుకుంటారు, అది నిజం. కానీ ముందే చెప్పిన మాటకు వచ్చే కోపం నాలుగు రోజుల్లో పోతుంది. మీ స్వభావానికి ఇది కుదరదేమో అనిపిస్తోంది ఉత్తరం చదువుతుంటే. కుదిరితే మాత్రం హాయి.

నేనైతే మధ్యలో నిలబడతాను. పద్ధెనిమిది పందొమ్మిది పేర్లకు బ్యాంకాక్ సూపర్ మార్కెట్‌లో ఒక గంట, జపాన్‌లో చివరి రోజు స్టేషన్‌లోనో ఎయిర్‌పోర్టులోనో ఒక గంట. ఆ నలుగురైదుగురి కోసం రెండు దేశాల్లోనూ ఒక్కో పూట, అదీ చూడాలనిపించిన చోటికే, కొనాలన్న పంతం లేకుండా. ఏమీ నచ్చకపోతే కొనకుండా వచ్చేయడానికి ఇద్దరూ ముందే ఒప్పుకోండి. మీ ఆయనకు ఈ లెక్క కాగితం మీద రాసి చూపిస్తే ఒప్పుకుంటారనే నా నమ్మకం. ఆయనకు కోపం కానుకల మీద కాదనుకుంటా, ఎంతసేపు పడుతుందో తెలియని షాపింగ్ మీద. కుదిరితే ఒక ఖాళీ మడత బ్యాగు తీసుకెళ్లండి. జపాన్ రెండోది కావడం మీకు లాభం, బరువైనవన్నీ అక్కడికి వాయిదా వెయ్యొచ్చు.

మీ తోడికోడలితో ఏం చెయ్యాలి? ఆవిడ అన్నది నిజమే, అన్న చోటు బాగాలేదు. మీరు దాన్ని మనసులో పెట్టుకుని ఈసారి అందరికన్నా ఖరీదైనది ఆవిడకు తెస్తే, అది కానుకలా ఉండదు. అసలేమీ తేకపోతే ఆ రోజు మాట ఇంకా పెద్దదవుతుంది. ఒకసారి మీరే కదిపి చూడండి: 'అక్కా, ఆ గొలుసు సంగతి నువ్వు చెప్పింది నిజమే, నాకూ తర్వాతే తెలిసింది. ఈసారి నీకేం కావాలో చెప్పు, చూసి తెస్తాను.' ఇలా అడిగితే మీ చిన్నతనం ఏమీ ఉండదు. ఆవిడ ఏదైనా చెప్తే మీ పని సులువు, 'ఏమొద్దులే' అంటే స్టేషన్ మిఠాయిల్లో ఒక పెట్టె ఆవిడకు విడిగా ఇవ్వండి.

మిగిలింది మంచం కింద తివాచీ. దాన్ని బయటికి తీసి వెనక్కి తిరగెయ్యండి. ముడులు ఒక్కొక్కటిగా, కాస్త ఎగుడుదిగుడుగా కనిపిస్తున్నాయా? ముందు వైపు డిజైన్ వెనక కూడా స్పష్టంగా ఉందా? చివర కుచ్చులు పడుగు దారాలకే కొనసాగింపుగా వస్తున్నాయా, లేక విడిగా తెచ్చి కుట్టారా? కుట్టినవైతే చాలావరకు మిషన్ పనే. కుచ్చులు పడుగులోంచే వచ్చి, వెనక ముడులు కనిపిస్తే అది ఎవరో మగ్గం ముందు నెలల తరబడి కూర్చుని వేసిన తివాచీ. ధర ఎక్కువైంది, అంతే. వస్తువు మంచిదే. హాల్లో పరచండి.